ఆరో తరగతికి బడి, పదో తరగతి శాతం

2025 ఏప్రిల్‌లో పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటికే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పట్టిక తిరగడం మొదలైంది. విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం చుట్టుపక్కల ఉన్న నగరపాలక, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను ఉత్తీర్ణతా శాతం ప్రకారం పైనుంచి కిందికి పేర్చి, పై వరుసలకు ఆకుపచ్చ రంగు, కింది వరుసలకు ఎరుపు రంగు వేసి ఎవరో ఓపికగా తయారు చేసిన పట్టిక అది. దాని కింద అభినందనలు, నిట్టూర్పులు, మా రోజుల్లో ఇలా ఉండేది కాదన్న జ్ఞాపకాలు వరుసగా వచ్చాయి. నాకు పట్టికతో పేచీ లేదు. పేచీ అంతా దాని చివర రాసిన వాక్యంతోనే. మీ పిల్లలను ఆరో తరగతిలో ఏ బడిలో చేర్చాలో ఇది చూసి నిర్ణయించుకోండి అని రాశారు.

ఆ వారంలోనే మా వీధి మలుపులో ఇస్త్రీ బండి నడుపుకునే దంపతులు అదే ప్రశ్నతో వచ్చారు. వాళ్ల అమ్మాయి ఐదో తరగతి పూర్తి చేసింది. నడిచి వెళ్లగలిగే దూరంలో మూడు బడులున్నాయి. "మీరు చదువుకున్నోళ్లు గదండీ, ఏ బళ్లో ఎయ్యాలో మీరే చెప్పండి మేడం గారూ" అని ఆమె అడిగింది. ఆ లిస్టులో పైనున్న దాంట్లోనే వెయ్యమని అందరూ అంటున్నారని ఆయన పక్కనుంచి అందుకున్నాడు. నాకు తోచిన సమాధానం అప్పటికప్పుడు చెప్పి పంపించెయ్యకుండా మూడు బడులకూ వాళ్లతో వెళ్లాను. జూన్‌లో బడులు తెరిచాక మళ్లీ వెళ్లాను. బడుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. నేను చూసినది ఒక్కో బడి జీవితంలో కొద్ది గంటలు మాత్రమే. అంతమాత్రానికే ఒక పేరు మీద మంచి ముద్రో చెడ్డ ముద్రో వెయ్యడం న్యాయం కాదు. ఒకటి ఆరు నుంచి పది వరకు ఉన్న పెద్ద హైస్కూలు, పట్టికలో ఆకుపచ్చ వరుస దానిదే. రెండోది ఎనిమిదో తరగతితో ఆగిపోయే ప్రాథమికోన్నత పాఠశాల, పదో తరగతే లేదు కనుక పట్టికలో దాని ఊసే లేదు. మూడోది ఫ్లైఓవర్ అవతల ఉన్న హైస్కూలు, ఎరుపుకీ ఆకుపచ్చకీ మధ్య ఎక్కడో ఉంది.

ఈ తిరుగుడు తర్వాత నాకు గట్టిపడిన అభిప్రాయం ఇది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల చదువు ఎలా సాగుతోందో పదో తరగతి శాతం చెప్పదు. కొన్ని బడుల్లో అయితే ఉన్నదానికి తలకిందులుగా చెబుతుంది.

శాతం వెనుక ఉన్న శ్రమ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మొత్తం మీద పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. రెండేళ్లలో పంతొమ్మిది పాయింట్లకు పైగా ఎక్కి, మూడో ఏట అయిదున్నర పాయింట్లు దిగిన అంకె ఇది. కరోనా వల్ల 2020లోనూ 2021లోనూ పరీక్షలే జరగలేదు కనుక 2022 పిల్లల సంగతి వేరని ఒప్పుకుందాం. అయినా మిగిలిన మూడేళ్లలో ఈ రాష్ట్రపు బడుల్లో బోధన ఇంతగా ఎక్కి దిగిందని ఎవరూ అనలేరు. ప్రశ్నపత్రం మారింది, సిలబస్ మారింది, మూల్యాంకనం బిగిసింది, సడలింది. రాష్ట్రానికే ఇంత ఊగే అంకె, నూటయాభై మంది కూడా పరీక్ష రాయని ఒక బడి విషయంలో ఇంకెంత ఊగుతుందో ఆలోచించవచ్చు. నలుగురు పిల్లలు లెక్కల్లో తప్పితే రంగు మారిపోతుంది.

అయితే ఊగడం ఒక్కటే నా అభ్యంతరం కాదు. ఆ శాతాన్ని పట్టుకొచ్చేందుకు బడి ఏ తరగతి పిల్లల గంటలు ఖర్చు పెడుతోందన్నది అసలు ప్రశ్న. డిసెంబరు రాగానే పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక మొదలవుతుంది. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ప్రత్యేక తరగతులు, రోజూ స్లిప్ టెస్టులు, వెనుకబడిన పిల్లలను ఒక్కో టీచరూ దత్తత తీసుకోవడం, ఆదివారాలు కూడా బడికి రావడం. దీన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఇంట్లో అక్షరం వచ్చినవాళ్లు లేని పిల్లవాడు పది పాసై పాలిటెక్నిక్‌లో చేరితే అది ఆ టీచర్ల చెమట ఫలమే. కానీ టీచర్ల సంఖ్య పెరగదు, రోజుకి గంటలూ పెరగవు. పదో తరగతికి అదనంగా పెట్టిన ప్రతి గంటా ఎక్కడినుంచో రావాలి. ఎనిమిదో తరగతి దాకా బయటివాళ్లెవరూ లెక్క అడగరు కాబట్టి అది ఆ తరగతుల నుంచే వస్తుంది.

నలభై దాటిన పాఠకులకు ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష గుర్తుండే ఉంటుంది. హాల్ టికెట్టు, వేరే బడిలో సెంటరు, పరీక్ష రోజు కొబ్బరికాయ కొట్టడం, అన్నీ ఉండేవి. దాన్ని తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. ఆ పరీక్ష తప్పి బడి మానేసిన ఆడపిల్లలు మా ఊళ్లోనే నాకు తెలిసినవాళ్లు ఉన్నారు. కానీ ఏడో తరగతి మీద బయటివాళ్ల కన్ను ఒకటి ఉండేదన్న మాట మాత్రం నిజం. ఇప్పుడు ఒకటో తరగతిలో చేరిన బిడ్డ గురించి బయటి ప్రపంచానికి తెలిసే మొదటి అంకె పదేళ్ల తర్వాత వస్తుంది.

మరి ఇతర కొలతలు లేవా అంటే ఉన్నాయి, కానీ మా వీధికి పనికిరావు. ప్రథమ్ సంస్థ ప్రచురించే అసర్ నివేదిక గ్రామీణ జిల్లాల ఇళ్లకే వెళ్తుంది కనుక రెండో తరగతి పేరా చదవలేని ఐదో తరగతి పిల్లల గురించి మనం చదివే అంకెల్లో విజయవాడ పిల్లలు ఉండరు. 2024 డిసెంబరులో కేంద్రం జరిపిన పరఖ్ సర్వే మూడు, ఆరు, తొమ్మిది తరగతుల పిల్లలను పరీక్షించింది, కానీ అది జిల్లా స్థాయిలో మాట్లాడుతుంది. బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ సమాచార వ్యవస్థ యూడైస్‌లో మరుగుదొడ్లు, గదులు, టీచర్ల సంఖ్య దొరుకుతాయి. ఏ టీచరు ఏ తరగతికి వెళ్తున్నారో అక్కడ దొరకదు.

టైం టేబుల్ అడగడం

పెద్ద హైస్కూలు గేటు దాటగానే మంచి బడిలోకి వచ్చామన్న భావన కలుగుతుంది. బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద వేసిన గచ్చు, రంగులు, తాగునీటి ప్లాంటు, తరగతి గదుల్లో పెద్ద తెరలు, వరండా పొడుగునా టాపర్ల ఫొటోలతో ఫ్లెక్సీలు. ఇస్త్రీ బండి ఆయన చెప్పులు గేటు దగ్గరే విడవబోతే ఆయా వద్దని వారించింది. హెచ్ఎం గారు మర్యాదగా కూర్చోబెట్టి తమ ఫలితాల గురించి చెప్పారు. ఆరో తరగతికి లెక్కలు ఎవరు చెబుతారని నేను అడిగినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగారు. లెక్కల స్కూల్ అసిస్టెంట్లు, అంటే హైస్కూలు స్థాయి సబ్జెక్టు టీచర్లు, ఇద్దరున్నారు. సీనియర్ గారు పదికీ తొమ్మిదికీ వెళ్తారు. రెండో ఆమె తొమ్మిది, ఎనిమిది సెక్షన్లకు వెళ్తారు. ఏడో తరగతి ఒక సెక్షన్‌కి ఫిజికల్ సైన్స్ ఆయన లెక్కలు కూడా చెబుతారు. ఆరో తరగతికి వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద, అంటే తాత్కాలిక సర్దుబాటుగా, వచ్చే ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) ఒకరు ఉంటారు, నిరుడు ఆమెను దసరా తర్వాత వేరే బడికి సర్దారు. ఆ తర్వాత ఎవరు చెప్పారని అడిగితే, ఎవరు ఖాళీగా ఉంటే వారు వెళ్లారన్న సమాధానం వచ్చింది. ఆయన దాచిపెట్టలేదు, సిగ్గుపడనూ లేదు. బడి నడపడమంటే ఇదేనన్నట్టు చెప్పారు. చట్టపరంగా చూసినా అందులో పెద్ద తప్పు కనబడకపోవచ్చు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సైన్సు, లెక్కలు రెండింటికీ కలిపి కనీసం ఒక టీచరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు ఉండాలని, ముప్పై అయిదు మంది పిల్లలకు ఒక టీచరు చొప్పున ఉండాలని మాత్రమే చెబుతుంది. బడి మొత్తం లెక్క సరిపోతుంది. ఆరో తరగతి గదిలో జనవరి నెల మూడో పీరియడ్‌లో ఎవరున్నారన్నది ఆ లెక్కలోకి రాదు.

ప్రాథమికోన్నత పాఠశాలలో చూడ్డానికి ఏమీ లేదు. గోడ రంగు నేలనుంచి నడుము ఎత్తు వరకు చెమ్మకి ఉబ్బి రాలుతోంది. 2024 వరదలో బుడమేరు వాగు నీళ్లు నిలిచిన ఎత్తు అదేనని పిల్లలే చూపించారు. టీచర్లు తక్కువ, ఆటస్థలం లేదు. కానీ అక్కడ ఆరు, ఏడు, ఎనిమిది తరగతులే బడికి శిఖరం. ఉన్న ఒక్క లెక్కల టీచరుకీ పదో తరగతి అనే ఆకర్షణ లేదు, ఒత్తిడి లేదు, ఆమె ఏడాది పొడవునా ఆ మూడు తరగతులకే వెళ్తుంది. టైం టేబుల్ అడిగితే స్టాఫ్ గదిలో గోడకి అంటించి ఉన్నది చూపించారు. పెన్సిలుతో ఒకటి రెండు దిద్దుబాట్లు తప్ప జూన్‌లో వేసినదే మార్చిదాకా నడిచిందని ఆమె కొంచెం గర్వంగానే చెప్పింది.

ఎనిమిదో తరగతిలో ఒక పరీక్ష ఉంది, తల్లిదండ్రుల్లో చాలామందికి దాని పేరు కూడా తెలియదు. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలలోపు ఉన్న, ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలు రాయవచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12,000 రూపాయలు వస్తాయి. తొంభై మార్కులకు మేధాశక్తి, తొంభై మార్కులకు పాఠ్యాంశాలు. బట్టీతో గట్టెక్కడం కష్టమైన పరీక్ష. మూడు బడుల్లోనూ దీని గురించి అడిగాను. పెద్ద హైస్కూలులో దరఖాస్తు చేయించామని, ఎవరికీ రాలేదని చెప్పారు. ఫ్లైఓవర్ అవతలి బడిలో ఆ సంగతి చూసే టీచరు బదిలీ అయ్యారు. చిన్న బడిలో మాత్రం పాత ప్రశ్నపత్రాల జిరాక్సులు, అంచులు నలిగిపోయిన కట్ట ఒకటి బీరువా పైనుంచి తీసి చూపించారు. ఆ ఏడాది ఎంపికైన పిల్లల పేర్లు బోర్డు మీద సుద్దముక్కతో రాసి ఉన్నాయి, ఫ్లెక్సీ ఏమీ లేదు. మధ్య తరగతుల చదువును కొలవాలంటే చేతికందే అంకె నాకు ఇదొక్కటే కనిపించింది. దీన్ని కూడా పట్టికగా చేసి రంగులు పూస్తే, రేపు ఎనిమిదో తరగతిలో తెలివైన పదిమందిని పక్కకు తీసి వాళ్లకే పాఠం చెబుతారేమో అన్న భయం నాకు లేకపోలేదు.

ఎర్ర సిరా

బడిలో మనకు చూపించేది వేరు, ఇంటికొచ్చే నోటు పుస్తకం వేరు. మా వీధిలో ఈ మూడు బడులకూ వెళ్లే పిల్లలున్నారు కనుక వాళ్ల ఏడో తరగతి లెక్కల నోట్సులు అడిగి తెప్పించుకుని సాయంత్రాలు చూశాను. పెద్ద హైస్కూలు పిల్లవాడి పుస్తకం ముత్యాలకోవలా ఉంది. మార్జిన్లు గీసి, శీర్షికలకు నీలం, లెక్కలకు నలుపు వాడి, ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు. భిన్నాల భాగహారం అధ్యాయంలో ముప్పాతికను సగంతో భాగిస్తే ఒకటిన్నర వస్తుందని సరిగ్గానే ఉంది. మూడు పావుల రొట్టెలో అరరొట్టెలు ఎన్ని ఉంటాయని అడిగితే పిల్లవాడు పుస్తకం తిప్పాడు, వేళ్లు చూసుకున్నాడు, తర్వాత "అది తిరగేసి గుణించాలండి" అన్నాడు. తిరగేసి గుణించడం తప్పు కాదు. కానీ గైడు చూసి బోర్డు మీద ఎక్కించినదాన్ని బోర్డు చూసి పుస్తకంలోకి దించితే అందులో తప్పు దొర్లే అవకాశమే ఉండదు, తప్పు దొర్లని చోట టీచరుకు దిద్దవలసిన పనీ ఉండదు. పుస్తకమంతా వెతికితే సంతకాలు ఉన్నాయి, దిద్దుబాటు లేదు.

చిన్న బడి అమ్మాయి పుస్తకం చూడబుద్ధి కాదు. కొట్టివేతలు, పక్కన చేసుకున్న లెక్కలు, ఒకచోట సాంబారు మరక. అదే అధ్యాయంలో ఆమె మొదట సమాధానం మూడు బై ఎనిమిది అని రాసింది, దానికి అడ్డంగా ఎర్ర సిరా గీత, పక్కన 'భాగిస్తే తగ్గాలని ఎవరు చెప్పారు? బొమ్మ గీసి చూడు' అని టీచరు చేతిరాత. కింద వంకరటింకరగా గీసిన రొట్టె బొమ్మ, ఈసారి సరైన జవాబు. ఆ వాక్యం తెలుగులో ఉంది, లెక్క ఇంగ్లీషులో ఉంది. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చిన దగ్గరనుంచి మాధ్యమం మీద మనం చాలా వాదించుకున్నాం, నేను ఆ వాదనలోకి పోను. ఒక్కటి మాత్రం చెబుతాను. ఎదురు పుటను వాడుకునే టీచరు ఉన్న చోట ఇంగ్లీషు మీడియం పిల్లలకు బరువు కావడం లేదు. అలాంటి టీచరు లేని చోట పిల్లలు అర్థం కాని భాషలో అందంగా రాయడం నేర్చుకుంటున్నారు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవాళ్లకు ఈ రెండిటిలో ఏది బాగా కనబడుతుందో చెప్పనక్కర్లేదు.

2025 నుంచి ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల జవాబులన్నీ ఒకే అసెస్‌మెంట్ పుస్తకంలో రాయిస్తున్నారు. ఇది మంచి ఏర్పాటు అనే అంటాను, ఎందుకంటే ఏడాదిలో పిల్ల ఎక్కడ ఆగిపోయిందో తల్లికి చదువు రాకపోయినా పక్కింటివాళ్లు చూసి చెప్పగలరు. జూలై పదిన మెగా పేరెంట్ టీచర్ సమావేశం జరిగిన రోజు నేనూ వెళ్లాను. ముగ్గు పోటీలు, తాడు లాగుడు, తల్లులకు ఆటలు, అందరికీ భోజనం. సంతోషంగానే గడిచింది. ఎవరైనా నోటు పుస్తకం తెరిచి టీచరుతో మాట్లాడుతున్నారేమోనని చూశాను. అంత జనంలో అది సాధ్యం కూడా కాదు.

తల్లిదండ్రుల లెక్కలు

ఇంతవరకు చదివినవాళ్లకు చిన్న బడిని ఎంచుకోవడమే తెలివైన పని అనిపించవచ్చు. నేను అదే చెప్పాను కూడా. ఇస్త్రీ బండి ఆమె విని, వెంటనే ఒప్పుకోలేదు. ఆమె అడిగిన ప్రశ్నలు నా ప్రశ్నలకంటే తక్కువవి కావు. ఎనిమిది అయ్యాక మళ్లీ బడి మార్చాలి గదా, టీసీ కోసం పనులు మానుకుని తిరగాలి గదా, పదమూడేళ్ల పిల్ల కొత్త చోట కలుస్తుందా, మానేస్తానంటే ఏం చెయ్యాలి అన్నది. ఆడపిల్ల చదువు ఆగిపోయేది సరిగ్గా ఇలాంటి మలుపుల్లోనే అని నాకూ తెలుసు. ఆరు నుంచి పది వరకు ఒకే గేటు ఉండటం ఆ మలుపును తీసేస్తుంది. ఈ ఒక్క విషయంలో పెద్ద హైస్కూలుకు సాటి లేదు, నా టైం టేబుళ్లు, నోటు పుస్తకాలు దానికి జవాబు చెప్పలేవు.

మరుగుదొడ్ల సంగతి ఆమె నన్ను పక్కకు పిలిచి అడిగింది. పెద్ద బడిలో శుభ్రంగా ఉన్నాయి, నీళ్లున్నాయి, తలుపులకు గడియలున్నాయి. చిన్న బడిలో ఆడపిల్లలకు ఉన్నవి రెండే, ఒకదాని గడియ ఊడిపోయింది. పన్నెండేళ్ల పిల్ల విషయంలో ఇది లెక్కల టీచరుకంటే చిన్న సంగతి అని ఏ తల్లితోనూ అనలేం. దారి సంగతి తండ్రి చూశాడు. ఫ్లైఓవర్ అవతలి బడి దగ్గరికి వెళ్లాలంటే నూజివీడు రోడ్డు మీద ఆటోల మధ్య దాటాలి, సైకిలు కొనిచ్చినా భయమే. ఆ బడి జాబితాలోంచి అక్కడితోనే పోయింది, దాని గురించి నేను ఎక్కువ రాయకపోవడానికి కారణం కూడా అదే. ఆ బడిలో భోజనం చాలా బాగుంటుందని పిల్లలు చెప్పారు, అది మాత్రం నమోదు చేస్తున్నాను.

ఆ మాటల మధ్యలోనే వరద ప్రస్తావన వచ్చింది. 2024 సెప్టెంబరు ఒకటో తేదీ ఆదివారం బుడమేరు సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు మా వీధివాళ్లంతా మేడల మీదే ఉన్నాం. నీళ్లు తీసి బడులు తెరిచాక పుస్తకాల పని మొదలైంది. పెద్ద బడిలో సరఫరా అయిన పుస్తకాల్లో మొదట పదో తరగతికి, తర్వాత తొమ్మిదికి పంచారని, ఆరో తరగతికి వచ్చేసరికి ఇద్దరికి ఒక పుస్తకం సర్దారని అక్కడ చదివే పిల్లలు చెప్పారు. ఆ స్థానంలో నేను ఉన్నా మార్చిలో పరీక్ష రాయవలసిన వాళ్లకే ముందు ఇచ్చేదాన్నేమో. అయినా ఒక బడి తనకు తెలియకుండానే ఏ తరగతిని చివర నిలబెడుతుందో అలాంటి రోజున బయటపడుతుంది.

అందరూ ఒకే గేటు దగ్గర నిలబడితే

నా వాదనకు ఎదురయ్యే అన్నిటికంటే బలమైన మాట మా వీధిలోనే ఉండే ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు అన్నారు. బడులను పోల్చడమే నష్టం అని ఆయన వాదన. పిల్లల సంఖ్యను బట్టి టీచర్ పోస్టులు ఉంటాయి. పోలిక చూసి పదిమంది ఒక బడి వదిలిపెడితే అక్కడ పోస్టు మిగులుతుంది, పిల్లల సంఖ్యను బట్టి పోస్టులు సర్దే రేషనలైజేషన్‌లో ఆ టీచరును ఇంకోచోటికి పంపుతారు, టీచరు పోయిందని మరో పదిమంది వెళ్లిపోతారు. ప్రాథమికోన్నత పాఠశాలలు ఇలాగే ఒకటొకటిగా తరిగిపోయాయని ఆయన అంటారు. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు కలిపారు. 2025లో ఆ పద్ధతి మార్చి, తొమ్మిది రకాల బడులుగా మళ్లీ విడగొట్టారు. ఈ రెండు సర్దుబాట్లలోనూ నలిగింది చిన్న బడులే. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకున్న తర్వాత, ఒకప్పుడు ఈ నగరంలో పేదపిల్లలకు మూడో దారిగా ఉన్న ఎయిడెడ్ బడులు కూడా చాలావరకు ఆ పాత్ర వదులుకున్నాయి. ఇక మిగిలినవాటిలో కూడా ఒకదాన్ని మెచ్చి ఒకదాన్ని వదిలేస్తే, వదిలేసిన బడిలో ఉండిపోయే పిల్లలు ఎవరంటే, ఎవరి తల్లిదండ్రులకు ఎవరినీ అడిగే తీరిక లేదో వాళ్లు.

ఈ మాటను నేను తోసిపుచ్చలేను. పైగా ఆయన ఇంకొకటి కూడా అన్నారు. మున్సిపల్ టీచర్లు ఇదివరకు ఆ పట్టణం దాటి బదిలీ అయ్యేవాళ్లు కాదు, ఒకే పేటలో అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ అదే మాస్టారు చెప్పేవారు. ఇప్పుడు పాఠశాల విద్యాశాఖ కిందికి వచ్చారు, బదిలీల చట్టం వచ్చింది. నువ్వు ఏప్రిల్‌లో మెచ్చుకున్న లెక్కల టీచరు జూన్‌లో అక్కడ ఉంటుందని ఏమిటి నమ్మకం అని అడిగారు. మా చిన్న బడి టీచరు 2025 బదిలీల్లో కదలలేదు కానీ వచ్చే విడతలో కదలవచ్చు.

అయినా పోలిక మానెయ్యాలన్న ముగింపు దగ్గర ఆయనతో విడిపోతాను. మనం పోల్చకపోతే పోలిక ఆగదు, ఆకుపచ్చ, ఎరుపు పట్టికే పోలిక అవుతుంది. ఆ పట్టికతో వచ్చిన చిక్కేమిటంటే, దాన్ని చూసిన తల్లి బడి మార్చగలదు కానీ బడిని ఏమీ అడగలేదు. ఉత్తీర్ణత తగ్గిందేమని హెచ్ఎంని నిలదీస్తే ఆయన పిల్లలను చూపిస్తారు, పిల్లల ఇళ్లను చూపిస్తారు. ఆరో తరగతికి అక్టోబరు నుంచి లెక్కల టీచరు లేరేమని అడిగితే మాత్రం దానికి జవాబు ఒక తేదీ, ఒక ఉత్తర్వు, ఒక పేరు. దాన్ని సరిచెయ్యవచ్చు. సరిచేస్తే పిల్ల బడి మారనక్కర్లేదు. చట్టం కూడా ఈ మధ్య తరగతుల విషయంలోనే తల్లిదండ్రుల చేతికి కొంత బలం ఇచ్చింది. విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకే వర్తిస్తుంది, ఆ చట్టం ప్రకారం ఏర్పడే యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి, బడి పనితీరును పర్యవేక్షించడం వాళ్ల విధి. ఆరు నుంచి ఎనిమిది వరకు ఏడాదికి 220 పనిదినాలు, వెయ్యి బోధన గంటలు ఉండాలని కూడా ఆ చట్టమే చెప్పింది. 2024 ఆగస్టులో రాష్ట్రమంతటా ఆ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. మా పేటలో ఎన్నికైన తల్లులను అడిగితే, కొళాయిలు, మరుగుదొడ్లు, భోజనం గురించి సంతకాలు పెట్టామన్నారు. టైం టేబుల్ చూపించమని అడిగే హక్కు తమకు ఉందని ఎవరూ చెప్పలేదన్నారు.

ఇస్త్రీ బండివాళ్ల అమ్మాయి చివరికి పెద్ద హైస్కూలులోనే చేరింది. గేటు, గడియ, పదో తరగతి వరకు నిశ్చింత, ఈ మూడూ నా సలహాను ఓడించాయి, ఓడించడం సబబే. పుస్తకాల కిట్టు వచ్చింది, బూట్లు ఒక సైజు ఎక్కువ వచ్చాయి. చేరిన నెల తర్వాత ఆమె తల్లి, ఇంకో ఇద్దరు తల్లులు, తోడుగా నేను, హెచ్ఎం గారి దగ్గరికి వెళ్లి ఒకటే అడిగాం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల టైం టేబుల్‌ను టీచర్ల పేర్లతో సహా వరండాలో ఫ్లెక్సీల పక్కన పెట్టించమని, ఎవరినైనా సర్దుబాటు మీద పంపితే ఆ మార్పు కూడా రాయించమని. ఆయన కాసేపు ఆలోచించారు. "పెడతానమ్మా, నాకేం అభ్యంతరం లేదు. ఎవరు లేరో అందరికీ కనబడుతుంది. కానీ వాళ్లను పంపించేది నేను కాదు గదా. నన్ను అడిగిన మాట ఎంఈఓ (మండల విద్యాధికారి) గారిని కూడా వచ్చి అడుగుతారా?" అన్నారు. కమిటీ తీర్మానంగా రాసిస్తే తానే పైకి పంపుతానని కూడా అన్నారు. తీర్మానం ముసాయిదా రాసే పని నాకు అప్పగించారు. అందులో ఆరో తరగతి లెక్కల పీరియడ్లు ఎన్ని పోయాయో తేదీలతో సహా పెట్టాలంటే పిల్లల నోటు పుస్తకాల్లోని తేదీలే ఆధారం. వాటిని ఇప్పుడు ముగ్గురు తల్లులు ఇళ్లకు తిరిగి పోగు చేస్తున్నారు.